ఆగడం నేర్పే కొండ

నేను స్కీయింగ్ చెయ్యను. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. మా అబ్బాయి నా పేరుమీద తీసుకున్న విజిటర్స్ ఇన్సూరెన్సు కాగితాల్లో సాహస క్రీడల్లో తగిలే దెబ్బలకు డబ్బు రాదని రాసి ఉంది. ఆ వాక్యాన్ని మా కోడలు నాకు ప్రత్యేకంగా చదివి వినిపించింది. కాబట్టి స్నోక్వాల్మీ కొండ దగ్గర నా పనులు మూడు: కింద నిలబడి చూడటం, మనవరాలు పారేసుకున్న గ్లవ్స్ వెతకడం, పులిహోర డబ్బాకు కాపలా కాయడం. ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాడికి ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరకదు. వాలుతలం మీద దిమ్మె అంటూ నల్లబల్ల మీద గీసిన బొమ్మలన్నీ అక్కడ రంగురంగుల కోట్లు తొడుక్కుని నా కళ్లముందే జారిపోతుంటాయి.

సియాటిల్ నుంచి తూర్పుగా ఐ-90 రోడ్డెక్కితే ఎనభై కిలోమీటర్లు దాటాక వచ్చే కనుమ అది. ఈ రోడ్డే అమెరికాను అడ్డంగా దాటి బోస్టన్ దాకా పోతుంది. కనుమ ఎత్తు సముద్రమట్టానికి 921 మీటర్లు. అంటే మన హార్స్‌లీ హిల్స్ కన్నా తక్కువ, ఇంచుమించు అరకు లోయంత. అరకులో చలికాలం పొద్దున్నే పొగమంచు కమ్మితేనే మనం సంబరపడతాం. ఇక్కడ అదే ఎత్తులో శీతాకాలం మొత్తానికి పడే మంచు సగటున పది మీటర్ల దాకా ఉంటుంది. ఉత్తరంగా 47 డిగ్రీల అక్షాంశం దాటి ఉండటం ఒక కారణం. అసలు కారణం పసిఫిక్ మహాసముద్రం. అక్కడినుంచి వచ్చే తడిగాలి కాస్కేడ్ పర్వతాలకు తగిలి పైకి లేస్తుంది, లేచినకొద్దీ చల్లబడుతుంది, మోసుకొచ్చిన నీళ్లన్నీ అక్కడే దించేస్తుంది. ఇదే రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న మౌంట్ బేకర్ స్కీ కొండమీద 1998-99 శీతాకాలంలో 1,140 అంగుళాలు, అంటే దాదాపు 29 మీటర్ల మంచు పడింది. ఒక్క సీజన్‌లో పడిన మంచుకు అది ప్రపంచ రికార్డు.

అయితే ఈ మంచు పొడి మంచు కాదు. సముద్రం దగ్గర, కనుమ ఎత్తు తక్కువ, చలి సున్నా డిగ్రీల చుట్టూనే తచ్చాడుతుంటుంది. తూర్పు వైపునుంచి చల్లగాలి కనుమలోకి దూరినంతసేపూ మంచు, గాలి పడమరకు తిరిగిందంటే వాన. పడిన మంచు కూడా నీరుపట్టి బరువుగా ఉంటుంది. స్థానికులు దాన్ని వెక్కిరింపుగా కాస్కేడ్ కాంక్రీట్ అంటారు. యూటా, కొలరాడోల పొడి మంచు మీద అలవాటుపడ్డవాళ్లు ఇక్కడికొచ్చి మూతి ముడుచుకుంటారట. మా అబ్బాయి మాత్రం, ఇక్కడ నేర్చుకున్నవాడు ఎక్కడైనా చెయ్యగలడు అంటాడు. సొంతూరి కొండను వెనకేసుకు రావడం ఎవరికైనా ఉండేదే. వాడి సొంతూరు ఇప్పుడు రెడ్మండ్ అయింది మరి.

ఇది ఆస్పెన్ లాంటి షోకు కొండ కాదు. ఊరివాళ్ల కొండ. 1934లో సియాటిల్ నగర పార్కుల శాఖ ఇక్కడ మున్సిపల్ స్కీ పార్కు తెరిచింది. మున్సిపాలిటీ వాళ్లు పిల్లల పార్కు, వాలీబాల్ కోర్టు కట్టించినట్టు కొండ చదును చేయించి స్కీయింగ్‌కు ఇచ్చారన్న సంగతి నాకు భలే నచ్చింది. ఆ తరవాత 1938లో మిల్వాకీ రోడ్ అనే రైలు కంపెనీ తన లైను పక్కనే హయాక్ దగ్గర మరో వాలు తెరిచి, సియాటిల్ నుంచి స్కీ రైళ్లు నడిపింది. 1949 డిసెంబరులో అక్కడి బస భవనం కాలిపోవడంతో ఆ ముచ్చట కొన్నాళ్లకే ముగిసింది. పట్టాలు కూడా ఇప్పుడు లేవు, ఆ దారి సైకిళ్లకూ నడకకూ పనికొస్తోంది. 1967లో పక్క లోయలో ఆల్పెంటల్ వచ్చింది. కింద నుంచి కొస దాకా దాదాపు 700 మీటర్ల ఎత్తు. 1984లో సరయెవో ఒలింపిక్స్‌లో జయంట్ స్లాలమ్ స్వర్ణం గెలిచిన డెబ్బీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ ఆల్పెంటల్ మీద తిరిగిన పిల్లే. ఇవాళ పక్కపక్కన ఉన్న నాలుగు వాలుల్ని కలిపి ‘సమ్మిట్ ఎట్ స్నోక్వాల్మీ’ అనే ఒకే పేరుమీద నడుపుతున్నారు. రాత్రిళ్లు ఫ్లడ్‌లైట్లు వేస్తారు. ఆఫీసు అయ్యాక స్కీలు కారుమీద వేసుకొచ్చి రెండు గంటలు జారి ఇంటికెళ్లి అన్నం తినే కుర్రాళ్లున్నారు. వాళ్లలో మన తెలుగు కుర్రాళ్లకు కొదవ లేదు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ పుణ్యమా అని రెడ్మండ్, సమామిష్, బాతెల్ ఊళ్లలో తెలుగు వినపడని వీధి ఉండదు.

ఫిబ్రవరి మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే. జార్జి వాషింగ్టన్ పుట్టినరోజు పేరుమీద వచ్చిన సెలవు. మా మనవరాలి బడికి ఆ వారమంతా సెలవే. అంటే శని, ఆది, సోమ ఈ మూడు రోజులూ సియాటిల్ చుట్టుపక్కల పిల్లలున్న ఇళ్లన్నీ కొండదారి పడతాయి. టికెట్టు ముందే ఆన్‌లైన్లో కొనాలి. రోజును బట్టి ధర మారుతుంది, సెలవురోజున తారస్థాయిలో ఉంటుంది. కొన్ని రకాల చౌక పాసులు ఈ మూడు రోజులూ చెల్లవు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బస్సు టికెట్టు కొన్నవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. చీకటితోనే బయల్దేరినా దారిపక్క బోర్డు మీద ఏ అక్షరాలు వెలుగుతాయోనన్న బెంగ ఉంటుంది. మంచు ఎక్కువైతే టైర్లకు గొలుసులు కట్టమంటారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కార్లకు కట్టుకోవడంలో మినహాయింపుంది, కానీ గొలుసులు కారులో ఉండి తీరాలి. వాలుమీద పేరుకున్న మంచు దానంతటది విరిగి రోడ్డుమీద పడకుండా రవాణా శాఖవాళ్లు రోడ్డు మూసి, పేలుడు పదార్థాలతో వాళ్లే దాన్ని ముందుగా దింపేస్తారు. అది అయ్యేదాకా వేల కార్లు బారులు తీరి నిలబడాల్సిందే. ఆ శనివారం మేము అలా ఆగినప్పుడు ముందు కారులోంచి ఒకావిడ దిగి, తెలుగువాళ్లేనా అని అడిగి, మా ఆవిడతో మాటల్లో పడి, వాళ్లది నరసరావుపేట అని తేల్చేసింది. రోడ్డు తెరిచేసరికి ఇద్దరూ ఆవకాయ దాకా వచ్చారు.

ఇక అసలు విషయం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కింద నిలబడి చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, స్కీయింగ్‌లో జారడం నేర్చుకునేది ఏమీ లేదు. ఆ పని భూమ్యాకర్షణ చూసుకుంటుంది. డబ్బు కట్టి నేర్చుకునేది ఆగడం.

ఇంటర్ మొదటి సంవత్సరం లెక్క ఒకటి వేద్దాం. ఒక పిల్ల ఇరవై మీటర్లు ఎత్తున్న వాలు పైనుంచి, అంటే ఆరంతస్తుల మేడంత ఎత్తునుంచి, ఘర్షణ లేకుండా జారిందనుకోండి. కిందికొచ్చేసరికి వేగం సెకనుకు 20 మీటర్లు, గంటకు 72 కిలోమీటర్లు. ఇందులో పిల్ల బరువుకు సంబంధం లేదు. ఇరవై మీటర్లకే ఇలా ఉంటే ఆల్పెంటల్ 700 మీటర్ల మాటేమిటి? గాలి అడ్డం, మంచు రాపిడి కొంత తగ్గిస్తాయి, సందేహం లేదు. అయినా వేగమే పందెంగా నిటారు వాలు మీద తిన్నగా కిందికి దూకేవాళ్లున్నారు. ఫ్రాన్స్‌లోని వార్స్‌లో 2023లో సిమోన్ బిలీ గంటకు 255.5 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అంటే లిఫ్టు మనిషిని పైకి తీసుకెళ్లడం ఒక్కటే చెయ్యదు, అతని ఖాతాలో శక్తి జమచేస్తుంది. కిందికొచ్చేలోగా ఆ శక్తినంతా ఎవరికీ దెబ్బ తగలకుండా ఖర్చు చెయ్యాలి. ఆ ఖర్చు పద్ధతే స్కీయింగ్.

లిఫ్టు సంగతి వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. తిరిగే ఇనుప తాడుకు వేలాడే కుర్చీల ఏర్పాటు తొలిసారి 1936లో ఐడహోలోని సన్ వ్యాలీలో పెట్టారు. దాన్ని తయారుచేసిన జిమ్ కరన్ యూనియన్ పసిఫిక్ రైల్వేలో ఇంజినీరు. అంతకుముందు ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే యంత్రం మీద పనిచేశాడు. కొక్కేనికి గెల బదులు కుర్చీ తగిలించాడు. ఇప్పటి కుర్చీ లిఫ్టుల మూలం అదీ! కొత్తవాళ్లకూ చిన్నపిల్లలకూ కుర్చీ దాకా వెళ్లే పని లేదు. ఎయిర్‌పోర్టులో సామాను వచ్చే బెల్టు లాంటిదే మంచులో నెమ్మదిగా కదులుతుంటుంది, దానిమీద నిలబడితే చాలు.

మరి మంచు మీద స్కీ ఎందుకు అంత సులువుగా జారుతుంది? స్కీ కింద ఒత్తిడికి మంచు కరిగి నీటిపొర ఏర్పడుతుందని చాలాకాలం పుస్తకాల్లో చెప్పుకున్నారు. లెక్కకు నిలవదు. డెబ్బై కిలోల మనిషి బరువు రెండు స్కీల మీద పరుచుకుంటే, ఆ పీడనం మన తలమీదున్న వాతావరణ పీడనంలో నూటికి మూడు వంతులు కూడా ఉండదు. దానికి మంచు కరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో పదివేలవంతుల లెక్కన మాత్రమే తగ్గుతుంది. అసలు పని చేసేది రాపిడి వేడి. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్ కొండమీద కూడా ప్రయోగాలు చేసి ఈ సంగతి చూపించారు. స్కీ మంచును రాసుకుంటూ పోతున్నప్పుడు పుట్టే వేడికి అక్కడక్కడ కంటికి కనపడని నీటిపొర ఏర్పడుతుంది, దానిమీద స్కీ తేలిపోతుంది. మరీ గడ్డకట్టే చలిలో నీరు చాలదు, జారుడు తగ్గుతుంది. మంచు మరీ తడిగా ఉంటే నీరు ఎక్కువై స్కీ అడుగును పట్టేసుకుంటుంది, అప్పుడూ తగ్గుతుంది. అందుకే స్కీ అడుగున ప్లాస్టిక్ పలకకు సన్నటి గాళ్లు కోసి, ఆ రోజు చలిని బట్టి మైనం పూస్తారు.

స్కీలు అద్దెకిచ్చే చోట ఒక ఫారం నింపాలి. ఎత్తు, బరువు, వయసు, ఇంకా మీరు ఏ రకం: జాగ్రత్తపరులా, మధ్యస్థులా, దూకుడు మనుషులా? మా ముందున్న కుర్రాడు బరువు దగ్గర కాస్త ఆలోచించాడు. కౌంటర్లో పిల్ల నవ్వి, ఇక్కడ అబద్ధం చెప్తే మీ కాలు నిజం చెప్తుంది అంది. ఆ అంకెల్ని బట్టే బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత గట్టిగా ఉండాలో ఒక నంబరు పెడతారు. పిల్లలకు ఒకటో రెండో, బరువుండి వేగంగా పోయేవాళ్లకు ఎనిమిదో పదో. యాభై దాటినవాళ్లకు ఒక మెట్టు తగ్గిస్తారు, ఎముకలు పెళుసుబారతాయి కనక. పడినప్పుడు మెలి ఒక హద్దు దాటగానే బూటు స్కీలోంచి ఊడిపోవాలి. ఊడకపోతే ఒకటిన్నర మీటర్ల పొడవున్న స్కీ తులాదండమై కాలిని తిప్పేస్తుంది. నంబరు తక్కువైతే మామూలు మలుపుకే ఊడి పడేస్తుంది. ఇలా ఊడే బైండింగ్‌కు ఆద్యుల్లో ఒకడు ఈ ప్రాంతం వాడే. నార్వేలో పుట్టి పోర్ట్‌లండ్‌లో స్థిరపడ్డ యాల్మర్ వామ్ 1937లో మౌంట్ హుడ్ మీద పందెం గెలిచాక కాలు విరగ్గొట్టుకుని ఆసుపత్రిలో పడుకుని ఈ ఉపాయం ఆలోచించాడు. అతని కాలం నుంచి ఈ పరికరాలు చాలా మెరుగుపడ్డాయి, మోకాలి కింద ఎముక విరగడం బాగా తగ్గింది. అయితే మోకాలి లోపలి స్నాయువులకు అవి అంత రక్షణ ఇవ్వలేవు. మెలి తిరుగుతున్నది మోకాలి దగ్గరని బైండింగ్‌కు ఎలా తెలుస్తుంది? దెబ్బ తగిలి కొండమీద నుంచి స్లెడ్ బండిలో కిందికి వచ్చేవాళ్లలో మోకాలు పట్టుకుని మూలిగేవాళ్లే నాకు ఎక్కువ కనపడ్డారు.

మొదటి పాఠం గంట సేపు. మా మనవరాలి బృందంలో ఆరేడుగురు పిల్లలు. పాఠం చెప్పే అమ్మాయి ఒకే మాట కేకలేస్తుంటుంది: “పిజ్జా! పిజ్జా!” స్కీల ముందు కొసలు దగ్గరకు, వెనక కొసలు దూరంగా. పిజ్జా ముక్క ఆకారం అన్నమాట. అప్పుడు రెండు స్కీల లోపలి అంచులూ మంచులో దిగి, గుంటక మట్టిని గోకినట్టు మంచును గోకి పక్కకు తోస్తాయి. పిల్లకున్న శక్తి మంచును తొయ్యడానికి ఖర్చయిపోతుంది, వేగం చస్తుంది. “ఫ్రెంచ్ ఫ్రైస్” అంటే స్కీలు సమాంతరంగా, బ్రేకు వదిలెయ్. పిల్లలకు తిండి పేర్లు పెట్టి యాంత్రిక శాస్త్రం చెప్పడం నాకు తట్టలేదే అని ఈర్ష్యపడ్డాను.

పిజ్జా కొత్తవాళ్ల బ్రేకు. తొడలు పీకుతాయి, నిటారు వాలులో చాలదు కూడా. పెద్దవాళ్ల బ్రేకు మలుపు. వాలుమీద నీళ్లు ఒలకబోస్తే ఏ దారిన పారతాయో ఆ దారి అన్నిటికన్నా నిటారు. స్కీలు ఆ దారికి ఎంత అడ్డంగా తిరిగితే లాగే బలం అంత తగ్గుతుంది. పూర్తిగా అడ్డం తిరిగితే సున్నా. ఇంకాస్త తిప్పితే ఎదురెక్కినట్టే, ఆగిపోతారు. అందుకే బాగా వచ్చినవాళ్లు పాము నడకలా ఎడమకూ కుడికీ తిరుగుతూ దిగుతారు. అందం కోసం అనుకున్నాను మొదట్లో. ప్రతి మలుపులోనూ అంతకుముందు జమైన వేగాన్ని చెల్లిస్తున్నారని కోడలు దిగేటప్పుడు వెనక లేచిన మంచుతెరలు చూశాక తెలిసింది. ఇప్పటి స్కీలు మధ్యలో సన్నగా, రెండు కొసల దగ్గర వెడల్పుగా ఉంటాయి. 1993లో స్లొవేనియా కంపెనీ ఎలాన్ ఈ నడుమున్న స్కీలు మార్కెట్లోకి తెచ్చింది. అలాంటి స్కీని అంచుమీదికి ఒరిగించి బరువు మోపితే విల్లులా వంగి, దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది. అంతకుముందు తరం ఏళ్ల తరబడి కష్టపడ్డ మలుపుల్ని ఇప్పటివాళ్లు తొందరగా పట్టేస్తున్నారంటే ఆ నడుము వంపుదే పుణ్యం.

వాలులకు రంగులుంటాయి. ఆకుపచ్చ గుండ్రం తేలిక, నీలి చతురస్రం మధ్యరకం, నల్ల వజ్రం కష్టం. ఈ గుర్తులు చెప్పే కష్టం ఏ కొండకు ఆ కొండకే పరిమితం. ఒకచోటి నీలం ఇంకోచోట నలుపు కావచ్చు. ఆల్పెంటల్ నీలాన్ని చూసి మా కోడలే, “మామయ్యా, ఇది నీలమైతే నేను ఇంకా పచ్చలోనే ఉన్నాను” అంది. ఇంకొక కట్టుబాటు: కింద ఉన్నవాడిదే దారి. పైనుంచి వచ్చేవాడికి కిందివాడు కనపడతాడు, కిందివాడికి వెనక కళ్లుండవు. గుద్దుకుంటే బాధ్యత సాధారణంగా పైవాడిదే. ఇంత సబబైన రూలును మన ఘాట్ రోడ్ల మీద కూడా పాటిస్తే బాగుండు. కానీ సెలవురోజు మధ్యాహ్నం కొండ కిందిభాగం చూస్తే ఇది అందరికీ గుర్తుందా అన్న అనుమానం వస్తుంది. లిఫ్టు దగ్గర వరస అంతకంతకూ సాగుతుంది, ఒంటరిగా వచ్చినవాళ్లకు వేరే వరస పెట్టి ఖాళీ కుర్చీలు నింపుతారు. నిలబడింది ఇరవై నిమిషాలు, జారింది మూడు నిమిషాలు. లోపల హోటల్లో బల్ల దొరకదు, దొరికినా ఒక బర్గర్ ధరకు మనకు వారం కూరగాయలొస్తాయి. మేము కారు వెనక తలుపెత్తి పులిహోర పంచుకున్నాం. పక్క కారు పంజాబీ కుటుంబం పరాఠాలిచ్చింది.

పెద్దవాళ్లు పిల్లల్ని చూడ్డానికి ఫిబ్రవరిలో అమెరికా వెళ్తే ఇలా కొండ కింద నిలబడే యోగం తప్పదు కాబట్టి ఒకటి రెండు సంగతులు. నూలు బట్టలు వద్దు. చెమటా మంచూ పీల్చుకుని ఆరకుండా చల్లగా అంటుకుంటాయి. లోపల ఉన్ని, పైన నీరు దిగని కోటు. రెండు జతల మేజోళ్లు తొడిగితే వెచ్చదనం రాదు, బూటు బిగుతై రక్తం ఆడదు. జేబులో పెట్టుకునే వేడి పొట్లాలు దొరుకుతాయి, లోపల ఇనుప పొడి తుప్పు పడుతూ వేడినిస్తుంది, అది కెమిస్ట్రీ వాళ్ల సంగతి. ఇక పిల్లలకు తప్పక చెప్పాల్సింది చెట్ల గురించి. తెగ మంచు పడ్డాక దేవదారు లాంటి చెట్ల మొదట్లో, కొమ్మల కింద గుల్లగా గొయ్యి ఉండిపోతుంది. పైకి కనపడదు. తలకిందులుగా అందులో పడ్డవాళ్లు సొంతంగా బయటికి రావడం కష్టం. అందుకే చెట్ల మధ్యకు ఒంటరిగా వెళ్లరు, ఒకరి కంటపడేలా ఇంకొకరు ఉంటారు. హెల్మెట్ ఇలాంటి చోట పనికిరాదు. మామూలు పడటాలకు పనికొస్తుంది, పెట్టుకోవాల్సిందే.

ఆదివారం రాత్రి గాలి పడమరకు తిరిగింది. సోమవారం పొద్దుటికి వాన. కొండమీద వాన అంటే మా వాళ్లందరి ముఖాలూ వాడిపోయాయి, నాకేమో నీటిపొర లెక్కను కళ్లారా చూసే అవకాశం దక్కిందని లోలోపల సంతోషం. వాలుమీద జనం సగానికి తగ్గారు. రెండు రోజులు పిజ్జా వేసి వేసి తొడలు నొప్పులన్న మనవరాలు ఆకుపచ్చ వాలు మీద సగం దిగి, ఏ పిజ్జా వెయ్యకుండానే ఆగిపోయింది. కర్రలతో తోసుకుంటూ కిందికొచ్చి, “తాతయ్యా, ఇవాళ మంచు నా స్కీలు పట్టుకుంటోంది” అని విసుక్కుంది. వాళ్ల నాన్న స్కీలు బోర్లా తిప్పి తడి మంచుకు వాడే మైనం రుద్దాడు. ఈసారి కాస్త నయమైంది, కింద నెట్ దాకా వచ్చి మళ్లీ పిజ్జా వెయ్యాల్సొచ్చింది. పదకొండింటికల్లా అందరం తడిసి ముద్దయ్యాం. మధ్యాహ్నం కిందికి దిగే కార్ల వరస మొదలవకముందే బయల్దేరదామని కోడలంది, స్కీలు కారుమీద కట్టేశాం.